ఐదింటికి ప్లెగార్ సెషన్

రిచ్‌మండ్ హిల్‌లోని ఆ ఆఫీసులో ఐదు కొట్టినా ఒక్క తెలుగువాడూ కుర్చీలోంచి లేవడు. మేనేజరు యోగానంద్ కోటు కొక్కేనికి వేలాడుతున్నంతసేపూ అందరూ కీబోర్డులు టకటకలాడిస్తూ ఉండాల్సిందే. అంత పని ఉందా అంటే, ఏడ్చినట్టే ఉంది. డాలస్‌లో పన్నెండేళ్ళు ఉండి అయ్యగారు నేర్చుకొచ్చిన విద్య అది, మరి!

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. బార్సిలోనా నుంచి వచ్చిన నూరియా మాత్రం ఐదింటికి లాప్‌టాప్ మూసి, కాటలాన్ భాషలో ఏదో ఒక మాట అనేసి వెళ్ళిపోయేది. అదేమిటని ఒకరోజు లంచ్‌లో, అదే ఆఫీసులో పనిచేసే మృదుల అడిగింది.

"ప్లెగార్. అంటే ఆ రోజుకి పని చాలించి లేవడం," అంది నూరియా. "మా వైపు తాపీమేస్త్రీ నుంచి టీచరు దాకా అందరూ వాడతారు. ఇవాళ ఎన్నింటికి ప్లెగార్ అని పలకరించుకుంటాం. అది పర్మిషన్ అడిగే మాట కాదు, చెప్పి వెళ్ళే మాట."

సంగతి యోగానంద్ చెవిన పడింది. ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికింది. వర్క్ లైఫ్ బాలెన్స్ మీద ప్లెగార్ సెషన్ పెట్టాడు. గురువారం సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా, అందరూ రావాల్సిందే. బుద్ధున్నవాడు పెట్టే వేళేనా అది!

అదే గురువారం పావు తక్కువ ఆరుకి మృదుల కూతురు ధాత్రి స్కేటింగ్ షో. ఇంతకుముందు రెండు షోలకీ మృదుల వెళ్ళలేదు. ఈసారి పిల్ల రమ్మని అడగను కూడా అడగలేదు. స్కూలు బ్యాగులో కాగితం చూస్తే తెలిసింది.

సెషన్‌కి నూరియా రాలేదు. ఆవిడ ఐదింటికే వెళ్ళిపోయింది. యోగానంద్ నలభై స్లైడ్లు తెరిచి, "ఫ్యామిలీ టైమ్ చాలా ఇంపార్టెంట్ అండీ," అన్నాడు. పక్క సీటు చక్రధర్ గంగిరెద్దులా తలాడిస్తూ నోట్సు రాసుకున్నాడు. తానూ ఆ మందలోదాన్నే కదా అనుకుంటే మృదులకి ఒళ్ళు మండింది. ఐదుంపావుకి లేచి కోటు అందుకుంది.

"మృదులగారూ, క్వశ్చన్స్ లాస్ట్‌లో తీసుకుంటా," అన్నాడు యోగానంద్.

"క్వశ్చనేం లేదండీ. ప్లెగార్ చేస్తున్నా."

"వెరీ గుడ్ ఎగ్జాంపుల్," అంటూ చప్పట్లు కొట్టాడు మహానుభావుడు. "ఇక కూర్చోండి."

ఆమె తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. వెనక ఒక్క కుర్చీ కదల్లేదు.

స్కేటింగ్ రింక్ దగ్గర తల్లిని చూసి ధాత్రి అంచు దాకా జారుకుంటూ వచ్చింది. మొహం నిండా కంగారే.

"అమ్మా, డిడ్ దే ఫైర్ యూ?"

ఉద్యోగం ఊడితే తప్ప అమ్మ రాదనుకున్న ఆ పిల్లని చూశాక, యోగానంద్‌ని తిట్టుకోవడానికి ఆ పూట మృదులకి నోరు రాలేదు.