అబద్ధానికి ఆగే జాడీ

శనివారం పొద్దున చక్రధర్ కాఫీ కప్పుతో కంప్యూటర్ ముందు కూర్చున్నాడంటే ఎవరో వద్దనుకున్న సామాను కోసం వెతుకుతున్నాడని అర్థం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆ ఇంట్లో సోఫా, ట్రెడ్‌మిల్, మంచు తోసే మెషీన్ అన్నీ అలా వచ్చినవే. ఈసారి ఇంట్లోనే బీరు తయారుచేసుకోవాలని మనసు పుట్టింది. కొత్త సామానుకి భార్య గౌరి చచ్చినా ఒప్పుకోదు. అందుకని లివోనియాలో ఒక ముసలాయన గరాజ్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాడు.

పెద్ద స్టీలు గిన్నె, థర్మామీటర్, ఐదు గ్యాలన్ల గాజు జాడీ, సరుకు పులుస్తుంటే బుడగలు కనబడేలా జాడీ మూతలో బిగించే చిన్న ప్లాస్టిక్ గొట్టం. ముసలాయన జాడీని వెలుతురుకెత్తి, పగుళ్ళు లేవని చూపించాడు.

"రబ్బరు ట్యూబులు మాత్రం కొత్తవి కొనుక్కో. పాతవాటికి పులుపు వదలదు," అన్నాడు. "ఇంకో మాట. ఇంట్లో ఎవరైనా అబద్ధమాడితే ఈ జాడీలో పులియడం ఆగిపోతుంది. ఆడినవాళ్ళు నిజం చెప్పేదాకా కదలదు. మూడు రోజులు ఆగిందంటే సరుకు పారబోసుకోవాల్సిందే."

"మరి అలాంటప్పుడు ధర ఇంకాస్త తగ్గించాలి కదా," అన్నాడు చక్రధర్. తగ్గించుకునే తెచ్చుకున్నాడు.

"ఆఫీసులో రాజ్ ఊరికే ఇచ్చేశాడు," అని గౌరికి చెప్పి బేస్‌మెంట్‌లోకి దింపాడు.

గౌరి వాళ్ళ నాన్న పద్మనాభం ఆరు నెలలుందామని వచ్చాడు. ఎక్సైజ్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. గోదావరి లంకల్లో ఎన్ని కుండల సారా ఊట పారబోయించాడో లెక్కలేదు. అలాంటాయన అల్లుడు కాచిన మాల్ట్ నీళ్ళ వాసన చూసి, "బాగా చల్లారనివ్వండి బాబూ, వేడి మీద ఈస్ట్ వేస్తే చచ్చిపోతుంది," అని దగ్గరుండి చెప్పాడు.

మర్నాటికి ఒక్క బుడగా లేదు. చక్రధర్ తల గోక్కుంటూ గౌరి దగ్గరికెళ్ళి, "రాజ్ ఇవ్వలేదు, నేనే కొన్నాను," అని, జాడీ గురించి ముసలాయన అన్న మాట కూడా చెప్పాడు. ఆవిడ తిట్టడం పూర్తికాకముందే కింద గొట్టంలో బుడగలు మొదలయ్యాయి.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి పద్మనాభం, "నా టికెట్ ముందుకి మార్పించమ్మా. ఈ వారమే వెళ్ళిపోతాను," అన్నాడు.

"ఏమైంది నాన్నా? ఒంట్లో బాలేదా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఇంటి మీద బెంగ, అంతే."

గౌరికి మనసొప్పలేదు. గురువారం పొద్దున ఎవరికీ ఫోన్ చెయ్యకుండానే, "అడిగాను నాన్నా, సీట్లు లేవట," అనేసింది. జాడీ రాత్రే ఆగిపోయిందని అప్పటికింకా ఎవరూ చూసుకోలేదు.

శుక్రవారం దాటినా బుడగ రాలేదు. శనివారం సాయంత్రానికి చక్రధర్‌కి ఓపిక నశించింది. జాడీ పక్కన కూర్చుని, "నేను మాత్రం ఏ అబద్ధమూ ఆడలేదు!" అని అరిచాడు.

గౌరి మెట్లు దిగి వచ్చింది. వెనకాలే పద్మనాభం నాలుగు మెట్లు దిగి, గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. నుదుటి మీద చెమట పట్టింది. అక్టోబరు చలిలో ఆ బేస్‌మెంట్‌లో ఎవరికీ చెమట పట్టదు.

"నాదే తప్పు," అంది గౌరి. "నాన్నా, నేను టికెట్ సంగతి అసలు అడగలేదు. నువ్వు అప్పుడే వెళ్ళిపోవడం ఇష్టంలేక అలా చెప్పాను."

ముగ్గురూ గొట్టం వైపు చూశారు. బుడగ రాలేదు. నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. గౌరి మెల్లగా తలతిప్పి తండ్రిని చూసింది. ఆవిడకి భయం వేసింది.

"నాన్నా. ఎందుకు వెళ్ళిపోతానన్నావు?"

"చెప్పాను కదమ్మా, బెంగ."

జాడీ కదల్లేదు.

"నాన్నా!"

పద్మనాభం తల దించుకున్నాడు. "ఎడమ చెయ్యి లాగుతోందమ్మా. పది రోజులైంది. మెట్లెక్కితే గుండెల మీద బండ పెట్టినట్టుంటోంది."

బుడగ లేచింది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

"పది రోజులా? ఎందుకు చెప్పలేదు?"

"పిల్లల దగ్గరికొచ్చి, పార్కులో వాకింగుకొచ్చే మా వయసువాళ్ళందరూ అదే చేస్తారమ్మా. మాకు తీసే ఇన్సూరెన్స్ పాత జబ్బులకి పనికిరాదట. ఏదొచ్చినా పంటి బిగువున ఓర్చుకుని, ఇండియా వెళ్ళి చూపించుకోవడమే. నా మూలంగా ఇక్కడి ఆస్పత్రి బిల్లులకి మీరు ఇల్లమ్ముకోవడం..."

"లేవండి మావయ్యగారూ," అన్నాడు చక్రధర్. ఆ మూడు రోజులూ తను బీరు గురించి మాత్రమే దిగులుపడ్డందుకు సిగ్గేసింది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఆయన్ని కార్లో కూర్చోబెట్టారు.

ఎమర్జెన్సీలో నర్సు తన యాసలో గబగబా ఏదో అడిగింది.

"నొప్పి ఒకటి నుంచి పది లోపల ఎంతో చెప్పమంటోంది," అంది గౌరి.

"రెండని చెప్పు."

గౌరి చెప్పలేదు. పద్మనాభం కూతురి మొహంలోకి కాసేపు చూసి, నర్సు వైపు తిరిగి తనే అన్నాడు.

"నైన్."

నర్సు ఆయన కూర్చున్న చక్రాల కుర్చీని తోసుకుంటూ పరిగెత్తింది.

ఆ రాత్రే రెండు స్టెంట్లు వేశారు. ఈ స్థితిలో అంతసేపు విమానంలో కూర్చుని ఉంటే ప్రాణాలతో దిగేవారు కాదని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు.

పొద్దున పద్మనాభం కళ్ళు తెరిచేసరికి గౌరి మంచం పక్కనే నిలబడి ఉంది.

"ఇప్పుడెంత నాన్నా?"

ఆయన ఆలోచించాడు. బాగా ఆలోచించాడు.

"మూడు," అన్నాడు. "నిజంగానే మూడమ్మా."

గౌరి కుర్చీ లాక్కుని కూర్చుని, అప్పుడు ఏడ్చింది.