గుండె వాటా

“కోడలు ఇస్తుందిలే, ఇంట్లో ఉండేదేగా,” అంది జానకమ్మ, బియ్యంలో రాళ్ళేరుతున్న కమలకుమారి వైపు చూడకుండానే.

కమల భర్త లక్ష్మణరావుకి కడుపులో పుండు. ఆపరేషన్‌కి ఇంట్లో ఒకరు సీసా నెత్తురివ్వాలన్నారు. మరిది బుచ్చిబాబు ముందే తప్పుకున్నాడు. నెత్తురు తీస్తే మగవాడు నీరసించిపోతాడట, లక్డీకాపూల్ ఆఫీసులో అతని పని చేసేదెవరట. తెల్లారకముందే లేచి నాంపల్లి అద్దెకొంపలో నీళ్ళు మోసి, అందరికీ వడ్డించి, అడుగంటిన అన్నం మజ్జిగలో కలుపుకుని తాగే మనిషికి మాత్రం నీరసం రాదు కాబోలు.

ఆబిడ్స్‌లో డాక్టర్ సౌభాగ్య పరీక్ష చేసి, కమల కనురెప్ప కిందికి లాగి చూసింది. “నీ ఒంట్ల నెత్తురేదమ్మా? నీకే ఎక్కియ్యాలె. జర మంచిగ తిను. రెండు నెలలకు చూద్దాం.”

ఆ రోజు నుంచి కమలకి మేక కార్జం, గుడ్లు, ఖర్జూరాలు. “తిను, వాడి ప్రాణం నీ ఒంట్లో ఉంది,” అంటూ జానకమ్మ దగ్గరుండి పెట్టేది. “నా నెత్తురెలా ఉందోయ్?” అని మంచం మీంచి మొగుడి పరాచికాలు. పాడిగేదెకు తవుడు పెట్టినట్టు పెడుతున్నారని తెలుసు. తెలిసే తింది. సిగ్గేసింది కూడా. కానీ బిందె ఎత్తితే ఇప్పుడు కళ్ళు తిరగడం లేదు. తన ఒళ్ళు తనకింత తేలిగ్గా ఉండగలదని ముప్పయ్యేళ్ళు దాటాక తెలిసినందుకు ఏడుపొచ్చింది.

ఈలోగా మందులకే పుండు మానింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మర్నాడే కార్జం మొగుడి కంచంలోకి, గుడ్డు మరిది కంచంలోకి వెళ్ళిపోయాయి. “ఇంక నీకెందుకే?” అంది జానకమ్మ మామూలుగానే.

మళ్ళీ చూపించుకోడానికి వెళ్ళినప్పుడు ఆ సంగతి చెబితే సౌభాగ్య ముఖం చిట్లించింది. “మరి నువ్వు తింటలేవా?”

“అందరికీ పెట్టాక మిగిలితేనే కదండీ,” అంది కమల.

డాక్టరమ్మ గోడమీది గుండె బొమ్మ చూపించింది. “ఒళ్ళంతటికి నెత్తురు పంపేది ఇదే. పంపంగనే మొట్టమొదటి పాయలు ఏడికి పోతయో ఎరుకేనా? గుండెకే. ముందుగాల తన వాటా తీస్కుంటది. గట్ల తీస్కోకుంటే ఎవ్వరికీ పంపలేదు.”

ఆదివారం కూర దించగానే కమల తన కంచంలో రెండు కార్జం ముక్కలు వేసుకుని పీట మీద కూర్చుంది. గుండె దడదడలాడుతోంది. ఆడనీ అనుకుంది.

“మగాళ్ళింకా తినలేదే,” అంది జానకమ్మ తెల్లబోయి.

“నా కంచమేదీ?” లక్ష్మణరావు గొంతు వరండాలోంచి.

“కాసేపాగండి,” అంది కమల ముద్ద కలుపుతూ, “నేను తిన్నాక వడ్డిస్తాను.”