మెర్సీ మునక

నౌపడాలో ప్యాసింజర్ ఎక్కినప్పుడు ఉషకు సీటు దొరకలేదు గాని, చీపురుపల్లి దాటేసరికి ఎవరో జరిగి చోటిచ్చారు, ఆ పెట్టెలో సగంమంది ఆమెకు చుట్టాల్లా అయిపోయారు. ఒళ్లో ఉన్న సంచిలోంచి ఎండు నెత్తళ్ల వాసన గుప్పుమంటుంటే ఎదురుగా కూర్చున్న పెద్దాయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"వాసనొస్తాది బావూ, సేపలు కదా మరి. వంకాయేసి వండితే మీరే ఇంకో ముద్ద అడుగుతారు," అంది ఉష.

ఆయన తువ్వాలు తియ్యలేదు గాని నవ్వాడు.

ఉషది భావనపాడు. టెక్కలిలో బడిలోనూ ఇంటర్‌లోనూ స్నేహితురాలు మెర్సీ పక్కనే కూర్చుంది. ఆ తర్వాత మెర్సీ డిగ్రీకని విజయనగరం వెళ్లింది. ఉష, తల్లి కూర్మమ్మతోపాటు చేపల వ్యాపారంలోకి దిగింది. ఎవరూ బలవంతపెట్టలేదు. పొద్దున్నే బోట్లు ఒడ్డుకు రాగానే వేలంపాటలో గొంతు పెంచి మంచి సరుకు దక్కించుకోవడం ఆమెకు భలే ఇష్టం. చదువు మానేశావేమని ఎవరైనా జాలిపడితే ఆమెకు వాళ్లమీదే జాలేసేది.

పంద్రాగస్టు శుక్రవారం పడింది, మర్నాడు కృష్ణాష్టమి, ఆపైన ఆదివారం. వరసగా సెలవులు. "ఒసే, ఈసారి నువ్వే ఇటు రా," అని మెర్సీ ఫోన్ చేసింది. సెలవిస్తే చాలు ఇంటికి పరిగెత్తే పిల్ల తనను అక్కడికి పిలవడం ఉషకు వింతగా తోచింది. కానీ ఊరు చూడాలన్న సరదా ముందు ఆ వింత ఎంతోసేపు నిలవలేదు. తల్లిని అడిగితే, "నువ్వు లేకపోతే సముద్రమేటి ఎండిపోద్దా? ఎల్లిరా," అంది కూర్మమ్మ.

విజయనగరం స్టేషన్లో మెర్సీ పరిగెత్తుకొచ్చి కావలించుకుంది. సన్నబడింది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. పక్కనున్న అమ్మాయిని చూపించి, "షీబా. నా గదిలోనే ఉంటాది. బొబ్బిలి పిల్ల," అంది.

ఆ రోజంతా ముగ్గురూ తిరిగారు. కోట దగ్గర జెండా ఎగరేసి పిల్లలకు మిఠాయిలు పంచుతుంటే ఉష కూడా వరసలో నిలబడి ఒకటి తెచ్చుకుంది. గంటస్తంభం దగ్గర బట్టల దుకాణాల్లో ఏమీ కొనకుండానే అన్నీ విప్పించి చూసింది. కొత్త ఊళ్లో దారి తెలియనివాళ్లకుండే బెరుకు ఆమెకు లేదు. దారి తప్పితే అడిగేది. అడిగినవాళ్లతో ఆగి మాట్లాడేది. ఇక్కడి కాలేజీ పిల్లలు వెనక్కి తిరిగి చూసేంత పెద్ద గొంతు ఆమెది. మెర్సీ మొదట్లో, "మెల్లగా మాటాడవే," అని చెయ్యి గిల్లింది గాని సాయంత్రానికి ఆమె గొంతూ ఉష గొంతంత అయింది.

గదికి వచ్చాక షీబా టీ కాస్తూ మామూలుగా అడిగింది. "అయితే ఆదివారం దాకా ఉంటావు కదా? మెర్సీ బాప్తిస్మం సూసే ఎల్తావు కదా?"

ఉష మెర్సీ వైపు చూసింది. మెర్సీ నేల వైపు చూసింది.

"ఏటే, నాకు సెప్పనే లేదు?"

"సెబుదామనే," అంది మెర్సీ. గ్లాసు తిప్పుతూ మెల్లగా బయటపెట్టింది.

బాప్తిస్మం తీసుకోవాలని ఆమె ఎప్పుడో నిశ్చయించుకుంది. నాన్న చెప్పాడని కాదు, పాస్టరుగారు అడిగారని కాదు. తనకే కావాలనిపించింది. కానీ వాళ్ల సంఘంలో తలమీద నీళ్లు చల్లడం కుదరదు. చర్చి ఆవరణలో సిమెంటు తొట్టి ఉంది. నడుములోతు నీళ్లలో నిలబడితే పాస్టరుగారు వెనక్కి వాల్చి నిండా ముంచి లేపుతారు. మొదటిసారి జ్వరమని చెప్పి తప్పించుకుంది. రెండోసారి తొట్టి మెట్టు మీద కాలుపెట్టి, సంఘమంతా చూస్తుండగా వెనక్కి తిరిగి వచ్చేసింది. ఈసారి నాన్న పాల్ టెక్కలి నుంచి వస్తున్నాడు.

నీళ్లంటే మెర్సీకున్న ఆ భయం ఎక్కడిదో ఉషకు ఎవరూ చెప్పక్కర్లేదు. తొమ్మిదో తరగతిలో ఉండగా ఇద్దరూ భావనపాడు ఒడ్డున ఆడుకుంటుంటే ఓ పెద్ద అల మెర్సీని దొర్లించుకుపోయింది. ఉష ఆ నురగలో చెయ్యిపెట్టి దొరికిన జుట్టు పట్టుకుని లాగింది. ఆ తర్వాత మెర్సీ నీళ్లలో చీలమండ దాటి దిగింది లేదు.

"అందుకే నిన్ను రమ్మన్నాను," అంది మెర్సీ. "నువ్వుంటే ధైర్యంగా ఉంటాది."

"ఇంతేనా!" అని ఉష తొడ చరిచింది. "రేపు నిన్ను సేపపిల్లను సేసేస్తాను, సూడు."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ ఆటో ఎక్కి నెల్లిమర్ల దగ్గర చంపావతి ఒడ్డుకు వెళ్లారు. మొన్నటి వానలకు నీళ్లు ఎర్రగా ఉన్నాయి గాని జోరు లేదు. గేదెలు కడుగుతున్న ఒకాయన, "అటేపు ఇసక తవ్విన గోతులున్నాయమ్మా, ఎల్లకండి. ఇటేపు నడుంలోతే," అని చెప్పాడు. ఉష ముందు తానొక్కతే దిగి కాళ్లతో అడుగు తడిమి చూసి, మెర్సీ చెయ్యి పట్టుకుంది.

మోకాలి దాకా బాగానే వచ్చింది. నడుము దాకా పళ్లు బిగబట్టి వచ్చింది. ఒడ్డునుంచి షీబా చప్పట్లు కొడుతోంది. ఉషకు ఉత్సాహం ఆగలేదు. "మూడు లెక్కెడతాను, మునిగిపోదాం," అంది. మూడు దాకా ఆగితే మెర్సీ మనసు మారిపోతుందేమోనని, రెండనగానే మెడమీద చెయ్యేసి ముంచేసింది.

నీళ్ల కింద మెర్సీ ఒక్కసారిగా కొట్టుకుంది. లేచీ లేవగానే ఉష మొహం మీద గోళ్లు దిగాయి. దగ్గుతూ, ఇసకలో పడుతూ లేస్తూ ఒడ్డుకు పరిగెత్తింది. ఉష వెనకాలే వెళ్లింది.

"నన్ను ముట్టుకోకు!" అని అరిచింది మెర్సీ. "మూడని సెప్పి రెండుకే ముంచుతావా? ఆ రోజు అల కూడా ఇలగే సేసింది. సెప్పా పెట్టకుండా!"

గేదెలాయన తల తిప్పుకున్నాడు. ఆటోలో వెనక్కి వస్తున్నంతసేపూ ఉషకు చెంప మీద గీత మండుతోంది. అంతకంటే ఆ మాట ఎక్కువ మండుతోంది. సాయంత్రం బండెక్కి వెళ్లిపోదామా అని కూడా అనుకుంది ఉష. కానీ పని పాడుచేసి వెళ్లిపోవడం ఆమెకు చేతకాదు. పాడైన పని దగ్గరే కూర్చుని, ఎక్కడ పాడైందో చూడటం అలవాటు.

ఆలోచిస్తే ఒకటి తట్టింది. నీళ్లంటే భయపడటం ఎలా ఉంటుందో తనకు తెలియదు. నడక రాకముందే నీళ్లలో ఆడింది. తెలియని సంగతి గురించి అన్నీ తెలిసినట్టు మాట్లాడింది.

గదిలో మెర్సీ తల ఆరబెట్టుకుంటుంటే వెళ్లి పక్కన కూర్చుంది. "తప్పు నాదే. మూడంటే మూడే. ఇంక నా లెక్కలొద్దు గాని, నీకు ఏటి భయమో సెప్పు. నీల్లేనా?"

మెర్సీ తల తుడుచుకోవడం ఆపి ఆలోచించింది. ఇన్నాళ్లుగా అందరూ 'భయపడకు' అన్నవాళ్లే గాని, భయం ఎలాంటిదని అడిగినవాళ్లు లేరు.

"నీల్లు కాదు," అంది చివరికి. "ఆ రోజు అల తిప్పేసినపుడు పైనేదో కిందేదో తెలీలేదే. ఆకాశం ఎటున్నాదో తెలీలేదు. పాస్టరయ్యగారు ఈపు వెనక్కి వాలుస్తారు కదా, అది తలుసుకుంటే మల్లీ అలగే అయిపోద్దని."

"అయితే నీల్లకంటే ముందు ఆ వాల్చడం సంగతి సూడాల," అంది ఉష.

డాబా మీద పరుపు వేశారు. ఉష పాస్టరుగారైంది. షీబా తాను బాప్తిస్మం తీసుకున్నప్పుడు చేతులు ఎక్కడ పెట్టారో చూపించింది. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి మడిచిన చేతుల మీద. "నాను అన్నపుడే," అని మెర్సీ షరతు పెట్టింది. ఉష తల ఊపింది. మెర్సీ కళ్లు మూసుకుని, తెరిచి, మళ్లీ మూసుకుని, "ఊఁ," అంది. ఉష ఆమెను మెల్లగా పరుపు మీదికి వాల్చి, మెల్లగా లేపింది.

అలా ఎన్నిసార్లో. ఓసారి ఉష కాలు జారి ఇద్దరూ కలిసి పడ్డారు. "పాస్టరయ్యగారు కూడా ములిగిపోయేరు!" అని షీబా అరిచింది. మెర్సీ పొట్ట పట్టుకుని నవ్వింది. పొద్దున నదిలో దగ్గిన దగ్గుకు ఆ నవ్వుతో విరుగుడు పడింది. తర్వాత ఆమె తనంతట తానే బేసిన్ నిండా నీళ్లు తెచ్చి, మొహం పెట్టి, ఊపిరి బిగబట్టింది. ఉష పక్కన కూర్చుని చూసింది. చెయ్యి వెయ్యలేదు. ఆ రాత్రి నెత్తళ్లు వంకాయ కూర ముగ్గురూ గిన్నె గీకి తిన్నారు.

ఆదివారం చర్చి నిండిపోయింది. ఉష చర్చి లోపలికి రావడం అదే మొదలు. పాటలు ఆమెకు తెలియవు గాని తాళం తెలుసు. చప్పట్లు బాగానే కొట్టింది. పాల్ ఇస్త్రీ చొక్కాలో ముందు వరసలో కూర్చున్నాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్ ఆయన. కూతురి వైపు చూడకుండా ఉండటానికి అవస్థపడుతున్నాడు.

ఆరాధన అయ్యాక అందరూ తొట్టి చుట్టూ చేరారు. తెల్లబట్టల్లో ఉన్న మెర్సీ పాస్టరు జీవరత్నంగారి దగ్గరికెళ్లి, "అయ్యగారూ, మా ఉష మెట్ల పక్కన నిలబడొచ్చా?" అని అడిగింది.

సంఘపెద్ద ఏసమ్మ నొసలు ముడిచింది. "ఆ పిల్ల మన సంఘం కాదు కదయ్యా."

"పెళ్లికి చుట్టాలే వస్తారా ఏసమ్మా? స్నేహితులూ వస్తారు కదా," అన్నారు జీవరత్నంగారు నవ్వుతూ. "రామ్మా, ఇలా నిలబడు."

ఒకరి తర్వాత ఒకరు మునిగి లేచారు. ప్రతి ఒక్కరికీ ఓ పాట. చివర్న మెర్సీ. మొదటి మెట్టు దిగింది. రెండో మెట్టు మీద ఆగిపోయింది.

పాట ఆగింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. మెర్సీ వేళ్లు సిమెంటు గట్టును పట్టుకుని తెల్లబడ్డాయి. 'దిగవే, ఏటీ అవదు,' అన్న మాట ఉష నాలుక చివరిదాకా వచ్చింది. వేలంపాటలో పదిమంది గొంతుల్ని నొక్కేసిన పిల్ల, ఆ మాటను పళ్ల మధ్య బిగబట్టుకుని నిలబడింది. ఊరికే ఉండటం ఇంత కష్టమని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"ఒక్క నిమిషం అయ్యగారూ," అంది మెర్సీ.

"ఎంతసేపైనా పరవాలేదమ్మా."

మెర్సీ తలెత్తి ఆకాశం చూసింది. మబ్బుగా ఉంది. చాలాసేపు చూసింది, అది ఎటువైపు ఉందో గుర్తుపెట్టుకుంటున్నట్టు. తర్వాత గట్టు వదిలేసి మిగిలిన మెట్లు దిగి, పాస్టరుగారి ముందు నిలబడి చేతులు మడిచింది. ఆయన అడిగినదానికి "ఔను" అని గట్టిగానే చెప్పింది. ఆయన మెడ కింద చెయ్యి పెట్టి ఆగారు.

"ఊఁ," అంది మెర్సీ.

నీళ్లు ఆమెను కప్పేశాయి, విడిచిపెట్టాయి. ఇంత చిన్న పనా అన్నట్టు అయిపోయింది. మెర్సీ లేచి నిలబడి మొహం తుడుచుకుని, ముక్కులోకి వెళ్లిన నీళ్లకు గట్టిగా తుమ్మింది. జనం గొల్లున నవ్వారు, వెంటనే పాట అందుకున్నారు. ఏసమ్మే అందరికంటే ముందు తువ్వాలుతో వచ్చింది.

పాల్ ఉష పక్కకొచ్చి నిలబడ్డాడు. "రోజూ కరెంటు స్తంభాలెక్కుతాను గాని, ఈయేల నేల మీద నిలబడితే కాల్లు వణికినాయమ్మా," అన్నాడు. ఆమె తలమీద చెయ్యివేసి నిమిరాడు.

చర్చి వాళ్లు పెట్టిన భోజనాల దగ్గర కబుర్లలో పడి ఉషకు మధ్యాహ్నం బండి తప్పిపోయింది. రేపు వెళ్దువుగాని అని షీబా, మెర్సీ చెరో చెయ్యి పట్టుకున్నారు. ఉష పెద్దగా బతిమాలించుకోలేదు. తల్లికి ఫోన్ చేసింది.

"రేపొస్తావా?" అంది అవతల కూర్మమ్మ. ఉష వెనకాల చర్చిలో పాడుతున్న పాటలు ఆమెకు వినిపించినట్టున్నాయి. "ఏటే, నువ్వు గాని తీసేసుకున్నావేటి బాప్తీసం?"

"లేదే అమ్మా! నాను గట్టు మీదే ఉన్నాను. ములిగింది మెర్సీ."

"ఆ బక్కపిల్లా? నీల్లంటే సచ్చేంత భయం కదే దానికి!"

"ఆ పిల్లే. తనంతట తనే దిగింది."

"సరే, రేపు ఎలుగుండగా వొచ్చీ. ఆ పిల్లకి తల బాగా తుడుసుకోమని సెప్పు, జలుబు సేస్తాది," అని కూర్మమ్మ ఫోన్ పెట్టేసింది.