నాలుగు నిమిషాల భోజనం

మధ్యాహ్నం మూడయ్యేసరికి జుల్మా తన ఏప్రన్ తాడు వదులు చేసుకోక తప్పేది కాదు. పొద్దున నడుము చుట్టూ రెండుసార్లు తిరిగిన తాడు ఆ వేళకి ఒక్క చుట్టుకే చాలీచాలకుండా వచ్చేది. పొట్ట డోలులా బిగిసి, వేలితో తడితే మోగేది. ఏడు నెలలుగా ఇదే తంతు. దీనంతటికీ కారణం తన ఆడపడుచు ఎల్బియాయేనని ఆమె తేల్చేసుకుంది. జుల్మా ఒకసారి తేల్చుకున్నాక ఇక ఎవరు చెప్పినా వినే రకం కాదు.

ఆమె లెక్క ఆమెకుంది. భర్త వాషింగ్టన్ మార్చిలో పోయాడు. అన్నను సాగనంపడానికి తకువారెంబో నుంచి ఒక్క సంచితో వచ్చిన ఎల్బియా, పైసాందూ ఊళ్ళో, పిండి రేకుల మధ్య కూరు పెట్టి ఉడికించే రవియోలీలు అమ్మే దుకాణంలో వదినకు సాయంగా ఉండిపోయింది. తకువారెంబోలోని అద్దె గది కూడా వదిలేసుకుంది. సరిగ్గా ఆ నెలలోనే జుల్మాకి కడుపు ఉబ్బడం మొదలైంది. పిల్లలు లేరు. దుకాణం తన పేరు మీదే ఉంది. తాను పోతే అది ఎవరి చేతికి పోతుంది? ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?

రోజూ సాయంత్రం టీలాంటి ఆకు పానీయం మాతే పోసేది ఎల్బియాయే. సొరబుర్రలో ఆకు నింపి, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు ఒంపి, పోసేవాళ్ళే మొదటిది తాగాలన్న మర్యాద ప్రకారం ముందు తాను తాగి, తర్వాత వదినకి అందించేది. 'మొదటిది తాగి నన్ను నమ్మిస్తోంది' అనుకునేది జుల్మా. అడుగున ఏం కలిపిందో కనిపెట్టాలని, సొరబుర్ర ఖాళీ అయ్యాక కూడా తాగే లోహపు గొట్టాన్ని గుర్రుగుర్రుమనేలా పీల్చేది. నోట్లోకి గాలి తప్ప ఏమీ రాకపోయినా వదిలేది కాదు.

ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేశారు. ఏ లోపమూ లేదన్నారు.

"ఎలా తింటారమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"నోటితోనే."

"అది కాదు. మెల్లిగానా, గబగబానా?"

"దుకాణం నడిపేదాన్ని బాబూ. మెల్లిగా తినే తీరిక నాకెక్కడిది?"

ఆయన ఇంకేదో చెప్పబోయాడు గానీ జుల్మా అప్పటికే లేచింది. ఏ పరీక్షకీ దొరకని మందు పెడుతోందన్నమాట, ఎంత గడుసుది!

ఇక జాగ్రత్తలు మొదలయ్యాయి. ఎల్బియా వడ్డించింది ముట్టడం మానేసింది. ఎప్పట్లాగే పొయ్యి దగ్గర నిలబడి, తానే గిన్నెలోంచి గరిటెతో తీసుకుని, సెగలు కక్కుతుండగానే ఊదుకుంటూ మింగేసేది. నీళ్ళలో ఏమైనా కలుపుతుందేమోనని మూత బిగించిన సోడా సీసాలోంచి రెండు గ్లాసులు గటగటా తాగేది. ఆ వెంటనే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, ఏప్రన్ అయినా విప్పకుండా మంచమెక్కేది. లేచేసరికి పొట్ట మరింత ఉబ్బి ఉండేది.

అన్నిటికన్నా ఆమె గుండెల్లో గుబులు రేపింది ఎల్బియా చూపు. జుల్మా తింటున్నంతసేపూ ఎల్బియా వంటగది గుమ్మంలో నిలబడి గోడ గడియారం కేసి చూసేది. పెదవులు మెల్లిగా కదిలేవి. పెట్టిన మందు ఎంతసేపట్లో పనిచేస్తుందో లెక్కపెడుతున్న మనిషిలాగే ఉండేది.

ఒక సాయంత్రం జుల్మా ఫ్లాస్కు లాగేసుకుంది.

"ఇవాళ్టి నుంచి నేను పోస్తాను."

ఎల్బియా ముఖం కందిపోయింది. "పన్నెండేళ్ళ పిల్లనప్పటి నుంచీ మా ఇంట్లో అందరికీ నేనే పోశాను వదినా. నా చేతికేమొచ్చింది ఇప్పుడు?"

"నొప్పి పెడుతుందేమోనని."

"నా చేతులు నిక్షేపంలా ఉన్నాయి."

"అయితే రవియోలీలు మడత పెట్టు."

పది రోజులు జుల్మాయే పోసింది, జుల్మాయే తాగింది. పొట్ట తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. బుద్ధున్న మనిషైతే అక్కడ ఆగి ఆలోచించేది. జుల్మా మాత్రం, ఎల్బియా వేరే దారి పట్టిందని నిర్ణయించుకుని, మరిది కొడుకు మిల్టన్‌కి ఫోన్ చేసింది. "సోమవారం దుకాణం మూసి ఉంటుంది. మీ అత్తని బండిలో తీసుకుపో. నా తిండిలో ఏదో విషం పెడుతోంది, నాకు ప్రాణభయంగా ఉంది" అంది. మిల్టన్ ఇంట్లో ఉన్నదల్లా ముందుగదిలో ఒక సోఫా. యాభై ఎనిమిదేళ్ళ ఎల్బియా ఇక దాని మీదే పడుకోవాలి.

సోమవారం వచ్చింది. మిల్టన్ ఒంటిగంటకి వస్తానన్నాడు. సంచి సర్దుకుని గుమ్మంలో పెట్టింది ఎల్బియా. జుల్మా పొయ్యి దగ్గర నిలబడి తింటోంది. తల తిప్పి చూస్తే మళ్ళీ అదే చూపు, గడియారం మీద.

జుల్మాకి ఒళ్ళు మండింది. "ఏంటా చూపు? ఎప్పుడు పడిపోతానా అనా?"

"నాలుగు నిమిషాలు" అంది ఎల్బియా.

"ఏంటి నాలుగు?"

"నువ్వు తినడానికి పట్టిన టైము. మొన్న కూడా నాలుగే. నిన్న ఆదివారం రద్దీలో అయితే రెండున్నర. నమలవు, మింగుతావు. దాని మీద సోడా. మాతే గొట్టంతో గాలంతా లోపలికి లాగుతావు. తిన్న మెతుకు దిగకముందే ఏప్రన్ తాడు బిగించుకునే పడుకుంటావు. పొట్ట ఉబ్బక ఏం చేస్తుంది?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే విన్నావా? మెల్లిగా తినమని ఏప్రిల్లో అన్నాను. నా తిండి మీద నీ కన్నెందుకన్నావు. నేను విషం పెడుతున్నానన్నావట. మిల్టన్ ఫోన్లో పడీపడీ నవ్వాడు. నాకైతే నవ్వు రాలేదు."

జుల్మా గరిటె కింద పెట్టింది. అయినా పట్టు వదల్లేదు. "నువ్వొచ్చిన నెలే కదా ఇదంతా మొదలైంది."

"ఆ నెలలో నేను రావడం ఒక్కటేనా జరిగింది వదినా?"

జుల్మా వంటగది మధ్యలో ఉన్న బల్ల కేసి చూసింది. దాని మీద మార్చి నుంచీ గుడ్ల అట్టలు పేర్చి ఉన్నాయి. వాషింగ్టన్ కుర్చీలో పిండి బస్తా ఉంది. ముప్పై ఒక్కేళ్ళు ఆ బల్ల దగ్గరే ఇద్దరూ గంటసేపు తినేవారు. ఆయన రొట్టె తుంచుతూ చెప్పిన కబుర్లే చెప్పేవాడు, ముద్ద ముద్దకీ ఆగేవాడు, ఆయన ఆగినప్పుడల్లా తానూ ఆగేది. ఎదురుగా ఆ కుర్చీ ఖాళీగా కనిపించకూడదనే బస్తా పెట్టింది. కూర్చుంటే ఏడుపొస్తుందని నిలబడి తింది. ఆ సంగతి తనకి తెలియకుండానే ఏడు నెలలు గడిచిపోయాయి. పక్కన మిగిలిన ఒక్క మనిషినీ తానే బండెక్కిస్తోంది.

ఏప్రన్ తాడు పూర్తిగా విప్పి మేకుకి తగిలించింది. గుడ్ల అట్టలు ఒక్కొక్కటిగా తీసి నేల మీద పెట్టింది. పిండి బస్తా బరువుకి వంగిపోతుంటే ఎల్బియా వచ్చి రెండో కొస పట్టుకుంది.

బయట హారన్ మోగింది. మిల్టన్ లోపలికి తొంగిచూశాడు. "పెద్దమ్మా, అత్త సామాను ఇదేనా?"

"ముందు కూచో. ఈ ఇంట్లో ఎవరూ నిలబడి తినరు."

"ఎప్పటి నుంచి?"

"ఇప్పటి నుంచి. నోరు మూసుకుని కూచో."

మూడు పళ్ళేలు పెట్టింది. సోడా సీసా తీసేసి కూజాలో నీళ్ళు పెట్టింది. ఎల్బియా పళ్ళెం ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది.

"ఇందులో ఏం కలిపావు వదినా?"

"ఉప్పు." జుల్మా తన కుర్చీ లాక్కుని కూర్చుంది. "తప్పు నాదే ఎల్బియా. నిన్ను అనుమానించాను. వెళ్ళకు."

ఎల్బియా ఫోర్కు చేతిలోకి తీసుకుంది. ముఖంలో ఏమీ తెలియలేదు. "భోజనమయ్యాక చెప్తాను."

జుల్మా ఒక్క రవియోలీని నాలుగు ముక్కలు చేసింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, నీళ్ళు తాగకుండా మళ్ళీ నమిలింది. మిల్టన్ రెండోసారి వడ్డించుకున్నాడు, అదీ తినేశాడు, బండి ఎండలో ఉందని గొణిగాడు. ఆమె పళ్ళెంలో ఇంకా సగం అలాగే ఉంది. భోజనం ముగిస్తే ఎల్బియా జవాబు వినాలి మరి; వాషింగ్టన్‌తో కూడా ఎప్పుడూ అంత మెల్లిగా తినలేదు.

గడియారం రెండు కొట్టింది. ఎల్బియా తలెత్తి దాని కేసి చూసి, తన పక్కనున్న రొట్టెల పళ్ళేన్ని వదిన వైపు జరిపింది.