వెనక్కొచ్చిన పళ్ళు

పళ్ళాసుపత్రిలో పొద్దున్నే మొదట వినబడేది రోగుల మూలుగు కాదు, కౌంటరు పిన్ని కేక. "సర్వరమ్మా! ఇది మళ్ళీ మొండికేసింది!" రోజూ ఏదో ఒకటి మొండికేస్తూనే ఉంటుంది. ఒక రోజు ప్రింటరు, ఒక రోజు మౌసు, ఒక్కోసారి పిన్ని కళ్ళజోడు. దేనికైనా సర్వరమ్మే రావాలి. మెట్ల కింద ఇరుకు గదిలో సర్వరుతో కాపురం చేస్తుంది కాబట్టి ఆవిడని అందరూ అలాగే పిలిచేవాళ్ళు.

ఆ గురువారం మాత్రం కూలింది మౌసు కాదు, డేటాబేసు. ఎవరి నోట్లో ఏ పన్ను ఉందో, ఏది పీకారో, ఏది ఊడడానికి సిద్ధంగా ఉందో, ఎక్స్‌రేలతో సహా సమస్తం అందులోనే ఉంది. కౌంటరు తెర మీద ఎర్రగా ఒకే ముక్క మిగిలింది: తెరవడం కుదరలేదు.

"బ్యాకప్ ఉందిగా?" అన్నాడు పెద్ద డాక్టరు, చేతికి గ్లవుజు తొడుక్కుంటూ.

"ఉంది డాక్టరుగారూ."

"మరింకేం, పెట్టెయ్యి. అరగంటలో అయిపోతుందా?"

బ్యాకప్ అంటే అటక మీద పెట్టె లాంటిదనీ, నిచ్చెన వేసి దించడమే పని అనీ ఆయన ఉద్దేశం. అలాంటి వాళ్ళకి చెప్పి లాభం లేదని సర్వరమ్మ చాలాకాలం క్రితమే తేల్చుకుంది.

పైగా ఆ పెట్టె దించితే దుమ్ము ఒక్కటే రాలదు. డేటాబేసు వెనక్కి వెళ్తే నోళ్ళు కూడా వెనక్కి వెళ్తాయి. పోయినేడు ఒక్క పూట వెనక్కి వెళ్ళినందుకే ఆ పూట పీకించుకున్న వాళ్ళందరికీ పళ్ళు తిరిగొచ్చాయి. అందరూ బుగ్గలు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చారు. రెండోసారి ఫీజు ఎందుకు కట్టాలని పెద్ద గొడవ చేశారు. అప్పటినుంచి గోడ మీద ఒక బోర్డు వేలాడుతోంది: "డేటా పునరుద్ధరణ వల్ల తిరిగి వచ్చిన పళ్ళు ఉచితంగా పీకబడును."

ఆ బోర్డు కింది బెంచీ మీద సర్వరమ్మ బావగారు ఒళ్ళో ట్రంపెట్ పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ భర్తకి అన్నగారు. ఊరి వాద్యబృందంలో పాతికేళ్ళుగా ట్రంపెట్ ఊదుతున్నాడు. సోమవారం నుంచి ఊదలేకపోతున్నాడు, ఎందుకంటే సోమవారం ఈ ఆసుపత్రిలోనే ఆయన మంచి పన్ను పీకేశారు.

జరిగింది ఇదీ. డాక్టరు రోగికి ఎదురుగా నిలబడతాడు కనక రోగి కుడి ఆయనకి ఎడమ చేతివైపు ఉంటుంది. తెర మీద నోటి బొమ్మ కూడా అలాగే గీసి ఉంటుంది. ఆ పొద్దున కంపెనీవాళ్ళు కొత్త వెర్షన్ వేస్తూ, "చూసుకోవడానికి సుఖంగా ఉంటుంది" అని బొమ్మని అద్దంలోలా తిప్పేశారు. ఆ రోజు మొదటి పేషెంటు బావగారే కావడం ఆయన ఖర్మ. పై వరసలో ముందు రెండు పళ్ళ పక్కది, కుడివైపు పుచ్చినది ఉండగా ఎడమవైపు నిక్షేపంలాంటిది పోయింది. ఆయన చెప్పబోయాడు పాపం. నోట్లో దూది, మొద్దుబారిన పెదవి. "ఆ... ఆ..." అన్నాడు. డాక్టరు దాన్ని అంగీకారం కింద తీసుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్ళకి బొమ్మ సరిచేశారు, ఆయనకే పన్ను లేదు.

ఊదేవాడికి ముందు పన్ను లేకపోతే గాలి ఎటు పోవాలో అటు పోదు. యాభై దాటినవాళ్ళందరికీ బృందంలో మళ్ళీ పరీక్ష పెట్టారు. అది ఈ సాయంత్రమే, రోడ్డుకి అవతలి హాల్లో. తప్పితే ఆయన్ని సామాన్ల గదిలో వేస్తారు, డోళ్ళకి దుమ్ము దులపడానికి. వాయిదా వెయ్యమని అడిగితే, "పన్ను లేకపోతే డోలు వాయించు" అన్నారట.

"మా ఆసుపత్రిలోనే చూపించుకోండి బావగారూ, నేనున్నాగా," అని తీసుకొచ్చింది సర్వరమ్మే. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడకి తన నాలుకే కొరుక్కోవాలనిపించేది. మూడు రోజులుగా డాక్టరుని బతిమాలింది, ఆదివారం నాటికి వెనక్కి వెళ్దామని. "ఒక్క పంటి కోసం ఊరందరి పళ్ళూ వెనక్కి తెస్తామా అమ్మా?" అన్నాడాయన. న్యాయమైన మాటే. ఆ న్యాయం చూస్తేనే ఆవిడకి ఒళ్ళు మండింది.

ఇప్పుడు మాత్రం, పద్ధతి ప్రకారం నిన్న రాత్రి ఫైలే ముందు తీసింది. దాని సైజు సున్నా. మంగళవారంది చూసింది, సున్నా. సోమవారంది కూడా అంతే. రోజూ తెల్లారేసరికి "బ్యాకప్ పూర్తయింది" అని మెయిలు మాత్రం ఠంచనుగా వచ్చేది. పూర్తయిందన్నది అబద్ధమేమీ కాదు, ఏమీ రాయకుండానే పూర్తయింది. డిస్కులో చోటు లేక. చోటు ఎందుకు లేదని చూస్తే సోమవారం పొద్దున డాక్టరుగారు తన మనవరాలి డాన్సు వీడియోలన్నీ సర్వరు మీదికి ఎక్కించారు.

"అక్కడైతే భద్రంగా ఉంటాయని," అన్నాడాయన.

"మనవరాలు భద్రంగానే ఉంది డాక్టరుగారూ. ఆసుపత్రి పోయింది."

మిగిలింది ఆదివారం ఫైలు ఒక్కటే. డాక్టరు గోడ మీది బోర్డు చూశాడు, తన చేతులు చూసుకున్నాడు, అన్ని పళ్ళూ మళ్ళీ పీకాలని తలుచుకుని నీరుగారిపోయాడు. ఎక్స్‌రేలు లేకుండా రేపు ఎవరి నోరూ తెరిపించలేడు. "కానియ్యి," అన్నాడు చివరికి. సర్వరమ్మ బెంచీ వైపు చూడకుండా గబగబా మెట్లు దిగింది. సంతోషపడితే చెడిపోతుందని ఆవిడ భయం.

సర్వరు సంతోషపడే తీరికెక్కడ ఇచ్చింది గనక. ఫైలు పెట్టగానే, 'చోటు లేదు' అంది. మనవరాలి డాన్సులన్నీ పెన్‌డ్రైవులోకి దించింది. మళ్ళీ పెట్టింది. 'ఈ ఫైలు చదవడానికి అనుమతి లేదు.'

"అనుమతి ఇవ్వాల్సింది నేనేనే నీ దుంపతెగ! నాకు నేను అర్జీ పెట్టుకోవాలా?" అని సర్వరుని తిట్టింది. ఫైలు ఆవిడ సొంత ఫోల్డర్లో ఉండిపోయింది, సర్వరు దాని గుమ్మం తొక్కదు. తీసి సర్వరు ఫోల్డర్లో పెట్టింది. మధ్యలో కౌంటరు పిన్ని మూడుసార్లు వచ్చి, "అయిందా అమ్మాయ్?" అని అడిగింది. నాలుగోసారి వచ్చినప్పుడు సర్వరమ్మ మొహం చూసి అడక్కుండానే వెళ్ళిపోయింది. భోజనాల వేళ దాటింది. మళ్ళీ నొక్కింది.

'డేటాబేసుని వేరొకరు వాడుతున్నారు.'

చచ్చిన డేటాబేసుని పట్టుకుని వేలాడుతున్నదెవరు? వెతికితే తేలింది, మూడో గదిలో కంప్యూటరు. కూలకముందు అక్కడ ఎవరో ఒక పేషెంటు పేజీ తెరిచారు, ఇంకా మూయలేదు. అది మూసేదాకా పని ముందుకి నడవదు. బలవంతంగా కోసెయ్యడానికి ఒక్క లైను చాలు. కానీ అలా కోస్తే ఆ పేజీ మనిషికి పన్ను సగమే వస్తుంది. క్రితంసారి ఒక బస్సు డ్రైవరుకి సగం పన్ను వచ్చి, అది పైకీ రాక, లోపలికీ పోక అతను పెట్టిన కేకలు ఈ వీధంతా విన్నది. సర్వరమ్మ మేడెక్కింది.

మూడో గదిలో పడక కుర్చీ మీద ఒక మామ్మ దర్జాగా వెనక్కి వాలి ఉంది. తెరమీద ఆవిడ పేజీయే. కుట్లు చూపించుకోవడానికి పొద్దున వచ్చిందట.

"మామ్మా, కాస్త లేస్తారా? ఇది మూసెయ్యాలి."

"మూస్తే ఏమవుతుందో నాకు తెలుసమ్మడూ. బోర్డు చదివాను." మామ్మ మౌసుని గుప్పిట్లో పట్టుకుంది. "ఏడాదిగా ఆ దవడ పన్ను నన్ను పీక్కుతింది. సోమవారం మధ్యాహ్నం తీయించుకున్నాను. మూడు రాత్రులు నిద్రపోయాను. నేను పడుకుంటే మా ఇంటిల్లిపాదీ పడుకున్నారు. మా కోడలు నాతో నవ్వుతూ మాట్లాడిందమ్మా, పెళ్ళయ్యాక మొదటిసారి. ఇప్పుడు మళ్ళీ తెస్తానంటావా?"

"మళ్ళీ పీకేస్తారుగా, ఉచితంగానే."

"నొప్పి ఉచితం కాదుగా?"

సర్వరమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. ఆ రోజు ఎదురైన ప్రతివాళ్ళూ న్యాయమే మాట్లాడుతున్నారు, మెషీను తప్ప. గడియారం చూస్తే నాలుగు కావస్తోంది. ఇక దాచుకోవడం ఎందుకని, బావగారి సంగతంతా చెప్పేసింది. చెబుతుండగానే ఆయనే పెట్టెతో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"వద్దులే అమ్మాయ్," అన్నాడు, మాట మధ్యలో గాలి పోతుంటే. "ఆవిడ్ని వదిలెయ్. పెద్దావిడ నిద్ర చెడగొట్టి నేనేం ఊదుతాను? సామాన్ల గదిలో కిటికీ కూడా ఉందట."

"కిటికీ ఉందట!" సర్వరమ్మ గొంతు లేచింది. "మీ మంచితనంతోనే చస్తున్నాం బావగారూ! మంచి పన్ను పీకుతున్నా 'ఆ... ఆ...' అంటారు, ఉద్యోగం పీకుతున్నా కిటికీ ఉందంటారు! ఒక్కసారైనా 'నాది నాకు కావాలి' అనండి!"

ఆయన పెట్టె గట్టిగా పట్టుకున్నాడు. మామ్మ ఆ పెట్టె వైపు చూసింది.

"ఏదీ, ఊదు," అంది.

"రాదమ్మా ఇప్పుడు."

"రానిదే వినిపించు."

ఆయన ట్రంపెట్ తీసి పెదవికి ఆనించాడు. బుగ్గలు పూరించి, కళ్ళు మూసుకుని, మెడ నరాలు పైకి తేలేలా ఊదాడు. ఎడమవైపు సందులోంచి స్స్‌స్ మని గాలి పోయింది. కుక్కరు మూత వదులైనట్టు. అయినా ఆపలేదు. పాటంతా మనసులో నడుస్తున్నట్టు వేళ్ళు మీటల మీద ఎక్కడ ఆడాలో అక్కడ ఆడుతున్నాయి, పైకి మాత్రం గాలి తప్ప ఏమీ రాలేదు. మామ్మ ఆ వేళ్ళనే చూస్తూ కూర్చుంది. చివరిదాకా ఊది, ఆయన దించాడు.

మామ్మ ముక్కు ఎగబీల్చింది. "మూడు రాత్రులు నిద్రపోయాన్లే. అసలు పోనివాళ్ళెంతమంది లేరు," అని ఎవరితోనో అన్నట్టు అని, తెర మీద మూలనున్న చిన్న గుర్తు వెతుక్కుని తనే నొక్కింది. పేజీ మూసుకుంది. "డాక్టరుతో చెప్పు. మొదటి పీకుడు నాదే. ఈ కుర్చీలోంచి లేవను."

సర్వరమ్మ రెండేసి మెట్లు దిగింది. ఈసారి ఫైలు మారు మాట్లాడకుండా కదిలింది. పది శాతం, ముప్ఫై, డెబ్భై. తొంభై దగ్గర ఆగి, అక్కడే పాతుకుపోయింది. ఆవిడ దాన్ని తిట్టింది, బుజ్జగించింది, మళ్ళీ తిట్టింది. తిట్లు అయిపోయాక ఊరికే దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. అప్పుడు నూరైంది.

ఆసుపత్రంతా ఒక్కసారే "అబ్బా!" అంది. వరండాలో కొందరు, మెట్ల మీద కొందరు, బయట సిగరెట్ తాగుతున్నవాడొకడు. ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. కౌంటరు పిన్ని మొదటి ఫోనెత్తి, "అవునండీ, ఉచితమేనండీ, తిట్టకండీ," అనడం ప్రారంభించింది. మేడమీద బావగారు నాలుకతో ఎడమవైపు తడుముకున్నాడు. మళ్ళీ తడుముకున్నాడు. తర్వాత మామ్మ కాళ్ళ వైపు వంగబోతే ఆవిడ ఒక చేత్తో దవడ అదిమిపట్టుకుని రెండో చేత్తో గుమ్మం చూపించింది. ఆయన పరుగెత్తాడు.

పెద్ద డాక్టరు సూది పట్టుకుని వచ్చేసరికి మామ్మ నోరు మూసుకుని ఉంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, బుగ్గ కందిపోయింది.

"నోరు తెరవండమ్మా."

మామ్మ ఆగమని చెయ్యెత్తింది. "ఆ కిటికీ తీ."

డాక్టరు వెనకే వచ్చిన సర్వరమ్మ కిటికీ తీసింది. రోడ్డుకి అవతల హాలు కిటికీలూ తెరిచే ఉన్నాయి. నచ్చకపోతే పరీక్షించేవాళ్ళు మధ్యలోనే గంట కొట్టి ఆపేస్తారని బావగారు చెప్పి ఉన్నాడు. కుర్చీ దగ్గర చోటు చేసుకుని బుగ్గలు పట్టుకున్నవాళ్ళు కొందరు వచ్చి నిలబడ్డారు. కార్ల మోత మీదుగా ట్రంపెట్ మొదలైంది. మొదటి స్వరం కాస్త వణికింది. రెండోదానికి సర్దుకుంది. ఆ తర్వాత ఇక ఎక్కడా గాలి పోలేదు. నిండుగా, నిబ్బరంగా వచ్చి గదంతా నిండిపోయింది. సర్వరమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తోందని ఎవరికీ తెలియకూడదని, అందరికీ తెలిసిపోయింది. డాక్టరు సూది పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మామ్మ నొప్పికి కుర్చీ చేతులు పిసుకుతూనే వింది. పాట పూర్తయ్యేదాకా గంట మోగలేదు.

కాసేపటికి మళ్ళీ ట్రంపెట్ వినబడింది, నాలుగు స్వరాలు వచ్చీ రాకముందే ఠంగుమని గంట కొట్టారు.

"వీడు మనవాడు కాదు," అంది మామ్మ. "ఇక కానియ్యవయ్యా, పీకు."