మామ పాస్ చేయని పెట్టె

వేణుగోపాల్‌కు రైళ్ళ మీద ఏనాడూ మోజు లేదు. ఎర్రగుంట్లలో ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి పెట్టుకున్న మనిషికి రైలంటే, సిమెంటు వ్యాగన్లు ఒకటి వెనక ఒకటి పోతుంటే గేటు దగ్గర స్కూటర్ ఆపుకుని తిట్టుకోవడమే. అలాంటివాడు మంచి ఎండాకాలంలో, అంగడి మూసి భోంచేసి నడుం వాల్చాల్సిన వేళ, మూరన్నర పొడుగు రైలుపెట్టెకు కిటికీలు అతికిస్తూ కూర్చున్నాడు. కారణం మామ రామలింగయ్య.

రామలింగయ్య రైల్వేలో పెట్టెలు తనిఖీ చేసి రిటైరైన మనిషి. బండి స్టేషన్లో ఆగగానే కింద వంగి, చక్రాన్ని సుత్తితో కొట్టి, ఆ మోతను బట్టి బాగుందో లేదో చెప్పే ఉద్యోగం. భార్య పోయాక కూతురు హిమబిందు దగ్గరికి వచ్చేశాడు. వచ్చిన దగ్గర్నుంచీ వరండాలో కుర్చీ, చేతిలో పేపరు, నోట్లో మాట లేదు. హిమబిందు ఆలోచించి ఆలోచించి, కొండల్లో ఇరుకు పట్టాల మీద నడిచే బుల్లి రైలుంటుంది కదా, దాని నమూనా పెట్టెను విడిభాగాలుగా అమ్ముతుంటే ఆన్‌లైన్లో తెప్పించింది. ఇంజను, పట్టాలు తయారుగానే వచ్చాయి. పెట్టె మాత్రం మనమే కట్టుకోవాలి.

"నాయనకు పొద్దు పోతాది," అంది.

నాయన పార్సిలు తెరిచి చూశాడు. పల్చటి చెక్కపలకలు, ఇనుప చక్రాలు, ఇత్తడి కడ్డీలు, బొమ్మలతో ఒక కాగితం. అన్నిటినీ తేరిపార చూసి, చేతులు కండువా కింద పెట్టుకుని, "అల్లుడా, నువ్వు కూర్చో. నేను చెప్తాంటా," అన్నాడు.

అదీ మొదలు.

ఫ్యాను వేస్తే చిన్న ముక్కలు గాల్లోకి లేచి సోఫా కిందికి పోతాయి. ఆపితే చెమట బొట్టు నేరుగా రంగు మీద పడుతుంది. బంక రాసి పలకను అతికించేలోపే ఆ ఎండకు బంక గట్టిపడుతుంది. కిటికీ తెరిస్తే సిమెంటు దుమ్ము వచ్చి తడి వార్నిషు మీద గరుకుగా కూర్చుంటుంది. వీటన్నిటినీ వేణుగోపాల్ ఎలాగో ఓర్చుకునేవాడే. మామను ఓర్చుకోవడం కష్టమైంది.

"ఆ తలుపు ఈడ రాదప్పా."

"కాగితంలో ఈడనే ఉంది మామా."

"కాగితం గీసినోడు బండి ఎక్కినాడో లేదో. ఊడదీయి."

ఊడదీశాడు. ఇసుక కాగితంతో రుద్ది మళ్ళీ పెట్టాడు. మర్నాడు మామ కళ్ళజోడు సర్దుకుని చూసి, మొదట పెట్టినచోటే బాగుండిందన్నాడు. వేణుగోపాల్ భార్య వైపు చూశాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు. ఎత్తితే నవ్వొస్తుందని అతనికి తెలుసు.

అడుగున చక్రాలు బిగించిన రోజు మరీ ఘోరం. రామలింగయ్య పెట్టెను బల్ల మీద ముందుకూ వెనక్కీ తోయించాడు. చెవి దగ్గర పెట్టించుకుని చక్రం తిప్పించాడు. చివరికి "దీన్ని పంపను. సిక్," అన్నాడు. రైల్వేలో చెడిపోయిన పెట్టెను అట్లా అంటారు. అన్నవాడు ఊరుకోక, హిమబిందు చేత ఒక చీటీ మీద ఆ మాట రాయించి పెట్టె మీద అంటించమన్నాడు. వేణుగోపాల్ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఇత్తడి కడ్డీల దగ్గర అతని ఓపిక తెగిపోయింది. అగ్గిపుల్లకన్నా సన్నటి కడ్డీలు. తలుపు పక్కన రెండు రంధ్రాల్లో కూర్చోవాలి. ఒకటి పెడితే ఇంకొకటి ఎగిరిపోతుంది. మామ వెనక నిలబడి, "వంకర. ఇంకా వంకర. అట్ల కాదప్పా, చేయి గట్టిగా పెట్టు," అంటున్నాడు.

వేణుగోపాల్ పట్టకారు బల్ల మీద పడేశాడు.

"అన్నీ తెలిసినోళ్ళు, మీరే పెట్టండి మామా. నేను చూస్తాంటా. ఎన్నాళ్ళని చెప్తాంటారు? మీకు తెప్పిచ్చిన దాన్ని నేను చేస్తాండా. అంగడి పని వదులుకుని చేస్తాండా."

హిమబిందు వంటింట్లోంచి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

రామలింగయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కండువా కింది నుంచి కుడిచేయి తీసి పట్టకారు అందుకున్నాడు. కడ్డీని పట్టుకోగానే దాని కొస గడగడా వణికింది. ఆయన పళ్ళు బిగించి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. రెండూ కలిసి వణికాయి. కడ్డీ తలుపుకు తగల్లేదు, కిటికీ చట్రానికి తగిలి దాన్ని విరిచేసింది. ఆయన పట్టకారును మెల్లగా కింద పెట్టి, చేతిని మళ్ళీ కండువా కింద దాచుకున్నాడు.

"ఎప్పటినుంచి నాయనా?" అని హిమబిందు అడిగింది.

"శానా దినాలాయ. మీ అమ్మ ఉన్నప్పుడే."

కాఫీ గ్లాసు సగానికే పోయమనడం, పేపరును మోకాళ్ళ మీదే పరుచుకుని చదవడం, పెళ్ళిళ్ళకు పోయినా పంక్తిలో కూర్చోకుండా ఏదో వంక చెప్పడం అప్పుడు వేణుగోపాల్‌కు అర్థమయ్యాయి. అతని కోపం పోలేదు. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. విరిగిన చట్రాన్ని ఏరి, "ఇది అతుక్కుంటాది మామా," అన్నాడు.

మర్నాడు కడపకు తీసుకుపోయి డాక్టరుకు చూపించారు. ప్రమాదమేమీ లేదని, మందు వాడితే కొంత తగ్గుతుందని చెప్పారు. తిరిగొచ్చాక పని మళ్ళీ మొదలైంది. మామ నోరు ఏమాత్రం తగ్గలేదు. కానీ కప్పు వేసే రోజు వేణుగోపాల్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తడిపి వంచిన పల్చటి చెక్క పెట్టె మీద పడుకోవాలంటే, బంక ఆరేదాకా ఎవరో ఒకరు బరువుగా అదిమి పట్టాలి. రామలింగయ్య మోచేతులు బల్లకు ఆనించి, రెండు అరచేతులతో అదిమాడు. అట్లా బరువు వేసి పెట్టినప్పుడు వణుకు చాలావరకు అణిగింది. లేవమన్నా లేవలేదు.

కప్పు ఒక మూల కొద్దిగా కుంగింది. వేణుగోపాల్ చూసి కూడా దాని మీద అట్లాగే వార్నిషు పూశాడు.

ఆదివారం వరండాలో పట్టాలు పరిచి బండి నడిపారు. చూడటానికి ఏసేపు వచ్చాడు. ఆయన రామలింగయ్యతో పనిచేసిన గార్డు, చర్చి నుంచి నేరుగా వచ్చాడు. బండి రెండు చుట్లు తిరిగేదాకా చూసి, మోకాళ్ళ మీద వంగి, "రామలింగయ్యా, కప్పు ఈ మూల దిగినట్లుండాదే," అన్నాడు.

"కొండబండికి అట్లనే ఉంటాది. వాన నీళ్ళు జారేదానికి."

"తలుపు కడ్డీ వంకర కదప్పా."

"ఏంది వంకర? మా అల్లుడు చేసింది. నీ కళ్ళు చూపిచ్చుకో పో."

తలుపును ఊడదీసి మళ్ళీ పెట్టిన వేణుగోపాల్, సిక్ చీటీ మోసిన వేణుగోపాల్, నోరు తెరుచుకుని మామ వైపు చూశాడు. ఆయన ముఖంలో ఏ తేడా లేదు.

"సరే, ఆకరి పెట్టెకు ఎర్రదీపం యాడ?" అన్నాడు ఏసేపు. "దీపం లేకుంటే వెనక పెట్టె తెగిపోయిందో ఉండాదో ఎట్ల తెలుస్తాది?"

"ఉండేది ఒకటే పెట్టె. తెగితే కనపడదా?"

ఏసేపు నవ్వి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. గేటు వేసిన చప్పుడయ్యేదాకా రామలింగయ్య కదల్లేదు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"దీపం సంగతి వాడు చెప్పింది నిజమే అల్లుడా. చిన్న బల్బు తేవాల."

"తెస్తా మామా."

"వైరు లోపల్నుంచి పోవాల. బయటికి కనపడితే అసయ్యంగా ఉంటాది."

"లోపల్నుంచి ఎట్ల పోతాది మామా? కప్పు అతికిచ్చేసినాం కదా."

రామలింగయ్య పెట్టె కప్పు వైపే చూస్తున్నాడు. వంటింట్లో హిమబిందు నవ్వు ఆపుకోలేక కొళాయి తిప్పింది. వేణుగోపాల్ నేల మీద కూర్చుని, పెట్టెను ఒళ్ళోకి తీసుకుని, చాకు ఏ మూల నుంచి పెడితే చెక్క చీలకుండా ఉంటుందా అని వెతకడం మొదలుపెట్టాడు.