నేను మోగని పూట

నేను ఒక రైలు పట్టా ముక్కను. మూరెడు పొడవే అయినా, నన్ను ఎత్తాలంటే ఎంతటి మొనగాడైనా ఒకసారి మూలగాల్సిందే. ఇప్పుడు ఒక కేసులో సాక్ష్యంగా తహసీల్దారు ఆఫీసు వెనక గదిలో, కాళ్లు విరిగిన కుర్చీల మధ్య పడి ఉన్నాను. నాకొక చీటీ కట్టారు. 'ఇనుప ముక్క, ఒకటి' అని గుమాస్తా పైకి చదువుతూ రాశాడు. ఇంత బతుకు బతికితే మనుషులు నాకు పెట్టిన పేరు అది. పోనీలెండి, వాళ్లకు పని తొందర.

నన్ను కన్నది నిప్పు. ఇంకా ఎర్రగా కాలుతుండగానే రోలర్ల మధ్య పెట్టి నలిపారు, సాగదీశారు, నీళ్లు పోసి చల్లార్చారు. ఆ తర్వాత నేలకు బిగించి మేకులు కొట్టారు. ఏళ్ల తరబడి రైళ్లు నన్ను తొక్కుకుంటూ పోయాయి. ఒక వేసవిలో గేదెల మంద అడ్డం వచ్చింది. వాటి నెత్తురు నా మీద అట్టకట్టి, వాన పడేదాకా పోలేదు. చివరికి నాలో ఒక చీలిక కనబడితే, ఇన్నాళ్లు మోసినందుకు మెచ్చుకోకపోగా, గ్యాసు మంటతో ముక్కలుగా కోసి పాత ఇనుము కింద అమ్మేశారు.

అలా ఎర్రబోడు అనే ఊరి పక్కన కంకర క్వారీకి చేరాను. ఊరంతా రాళ్లు కొట్టే వడ్డెర కుటుంబాలే. క్వారీ గుంత అంచున గుంజ పాతి నన్ను గంటలా గొలుసుతో వేలాడదీశారు. మందు పేల్చే ముందు మేస్త్రీ బజారప్ప సుత్తితో నన్ను బాదేవాడు. ఆ మోత వినగానే గుంతలో వాళ్లు పైకి పరిగెత్తి బండల చాటున బోర్లా పడుకునేవాళ్లు. కింద వీధిలో ఆడవాళ్లు దుమ్ము పడకుండా కూడు కుండల మీద మూతలు పెట్టేవాళ్లు, ఉయ్యాలల్లోంచి పిల్లల్ని ఎత్తుకునేవాళ్లు. దెబ్బలు నాకు, బతుకు వాళ్లకు. ఆ బేరం నాకు నచ్చింది. అందుకే బజారప్ప మీద కోపం కూడా రాలేదు, అప్పట్లో.

ఒక మధ్యాహ్నం లారీ డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. బజారప్ప నా వైపు కూడా చూడకుండా మందుకు నిప్పు పెట్టేశాడు. మిగతావాళ్లు పైన ఆ హారన్ మోతలోనే లారీకి కంకర ఎత్తుతున్నారు. గుంతలో మద్దిలేటి ఒక్కడే మిగిలి ఉన్నాడు, అడుగున రాయికి వీపు ఆనించి బీడీ వెలిగించుకుంటూ. కొండ పగిలింది. నా గొలుసు తెగేంతగా ఊగింది. దుమ్ము తగ్గాక మనుషులు దిగి, రాళ్లు దొర్లించి, మద్దిలేటిని గోనెసంచుల్లోకి ఎత్తారు. ఒక మనిషికి రెండు సంచులు పట్టాయి.

"గంట కొట్టినా సామీ. తాగి పండుకోనుండె, లేయలే" అన్నాడు బజారప్ప. సాయంత్రాలు తాగేవాడే కాబట్టి జనానికి నమ్మడం తేలికైంది. లారీ దగ్గరి మగవాళ్లు గంట హారన్ మోతలో కలిసిపోయిందనుకున్నారు. ప్రతి ఆడమనిషీ గంట తనొక్కదానికే వినపడలేదనుకుంది. దంపుడులోనో, పిల్లాడి ఏడుపులోనో తనే వినిపించుకోలేదేమో అని నోరు మూసుకుంది. ఊరు ఊరంతా చెవిటిదైనా ఫరవాలేదు గానీ, మేస్త్రీ అబద్ధం చెప్పాడని మాత్రం ఎవరికీ తోచలేదు. నాకు నోరుంటే ఆరోజే చెప్పేదాన్ని. నన్ను ఎవరైనా కొడితే తప్ప నాకు గొంతు లేదు.

మద్దిలేటి పెళ్లాం నాగేంద్రమ్మ కూడా నమ్మింది. గోనెసంచుల ముందు కూర్చుని ఏడవలేదు, తిట్టింది. తాగి చచ్చినోడి పేరు ఇంట్లో ఎత్తొద్దని కూతురు సుంకులమ్మకు చెప్పింది. ఆ పిల్ల "నాయన" అని ఏడ్చినప్పుడల్లా వీపు మీద వాతలు తేలేలా కొట్టింది. ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ అడ్డం పోలేదు.

క్వారీ ఓనరు కొత్త సైరన్ కొన్నాడు. పీడ వదిలించుకుందామనుకున్నాడో ఏమో, నన్ను ఊరి బడికి దానం చేశాడు. నాకు పూలదండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, ఫొటో దిగారు. హెడ్మాస్టరు తెలివైనవాడు. నన్ను వరండాలో వేలాడదీసి, తాను మాత్రం ఈల ఊది బడి నడిపాడు.

కొత్తగా వచ్చిన శశిరేఖ టీచరుకు ఇదేమీ తెలియదు. పిల్లల చేత సొంత మాటల్లో రోజూ కాస్త రాయించాలని ఆమె ఎక్కడో శిక్షణలో నేర్చుకొచ్చింది. ముందు ఒక గంట మోగించాలి, ఆ మోత పూర్తిగా ఆరిపోయేదాకా పిల్లలు కళ్లు మూసుకుని వినాలి, మనసు కుదురుకున్నాక రాయాలి. ఎంత చక్కటి ఆలోచన! గంట కోసం చూసింది. ఎదురుగా నేనున్నాను. ఇనుప కడ్డీ తెచ్చి గట్టిగా ఒక్కటిచ్చింది.

తరగతి తరగతంతా బెంచీల కింద దూరింది. చెవులు మూసుకుని, ముఖాలు నేలకు అదుముకున్నారు. కొందరు లాగులు తడుపుకున్నారు. సుంకులమ్మ మాత్రం దాక్కోలేదు. గేటు దాటి క్వారీ గుంత వైపు పరుగు తీసింది. శశిరేఖ చెప్పులు వదిలేసి వెంటపడి, గుంత అంచున ఆ పిల్లను పట్టుకుంది. తిరిగొచ్చేసరికి ఆడవాళ్లు బడి ముందు నిలబడి ఉన్నారు.

"ఏంది టీచరమ్మా, పానాలు పోయినాయి. పొయ్యి మీద కుండలన్నీ మూసి, పిల్లోళ్లను సంకనేసుకోని ఉరికినాము!"

నన్ను చెత్తలో వేయిస్తుందనుకున్నాను. ఆమె అలా చేయలేదు. మరునాడు పిల్లల్ని నా చుట్టూ నిలబెట్టి, అరచేతులు నా మీద పెట్టమంది. కర్ర పుల్లతో మెల్లగా తట్టింది. నా ఒంట్లో పుట్టిన సన్నటి వణుకు వాళ్ల చేతుల్లోకి పోయింది. "ఎప్పుడు ఆగుతుందో చూడండి. ఆగినాక పోయి రాయండి. బాగా రాయొద్దు, ఉన్నది రాయండి. తప్పులు నేను దిద్దను" అంది. పుట్టినప్పటి నుంచి నన్ను ముట్టుకున్న ప్రతి చేతిలోనూ సుత్తో మేకో ఉండేది. ఉత్త అరచేతులు అదే మొదలు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు హాయిగా ఉండింది.

పిల్లలు రాయసాగారు. మేక ఈనిన సంగతి, అమ్మ చేతి మీద మచ్చ, రాయి ఎగిరొచ్చి పగిలిన రేకు. రాసింది చదవాలనుకున్నవాళ్లు చదివేవాళ్లు. సుంకులమ్మ చెయ్యి నా మీద పెట్టేది, పోయి కూర్చునేది, ఒక్క అక్షరం రాసేది కాదు. శశిరేఖ ఆ ఖాళీ పేజీ చూసి పక్క పిల్ల దగ్గరికి పోయేది.

ఒకరోజు "మీరు తిన్నది ఏదైనా ఒకటి గుర్తు తెచ్చుకోండి" అంది. వీరేశు అనే పిల్లాడు లేచి చదివాడు. మద్దిలేటి మామ చచ్చిపోయిన రోజు అన్నంలో మన్ను పడిందట, ఉమ్మేస్తే వాళ్లమ్మ గరిటెతో కొట్టిందట. వెనక బెంచీ పిల్ల తనదీ చదివింది. ఆ రోజే, పప్పులో రాతిపొడి. ఇంకొకరు లేచి తమ ఇంట్లోనూ సంగటి పారబోశామన్నారు. శశిరేఖకు అర్థం కాలేదు. అర్థమైన పిల్ల సుంకులమ్మ. లేచి నిలబడింది.

"ఎవురూ మూతలు పెట్టలేదు టీచర్. ఆ పొద్దు గంట కొట్టలే."

ఈ మాట సాయంత్రానికల్లా బజారప్పకు చేరింది. మరునాడు బడికి వచ్చి, పిల్లల పుస్తకాలు లాగి చింపాడు. "చదువు చెప్పమంటే పిల్లోళ్ల చేత కతలు రాపిస్తాండావా?" అని అరిచాడు. వీరేశును చెంప మీద కొడితే వాడు మూలకు పోయి పడ్డాడు. అడ్డం వచ్చిన శశిరేఖను వరండాలోకి తోశాడు. ఆమె నుదురు వచ్చి నా అంచుకు తగిలి చిట్లింది. ఆ వెచ్చటి నెత్తురు నా మీద కారుతుంటే, నన్ను ఎవరైనా ఎత్తి వాడి నెత్తిన వేస్తే బాగుండునని కోరుకున్నాను. ఇనుమునే, ఋషిని కాను.

శశిరేఖ తలకు కట్టు కట్టించుకుని, నాగేంద్రమ్మను వెంటబెట్టుకుని తహసీల్దారు దగ్గరికి పోయింది. ఆయన నాలుగైదు సార్లు తిప్పించుకున్నాడు. చివరికి ఒక పగటిపూట, ఊరికి కబురు పెట్టకుండా వచ్చి, బడి నుంచి నన్ను జీపులో వేయించి గుంత అంచుకు తీసుకుపోయాడు. శశిరేఖ, తల్లీకూతుళ్లు కూడా వచ్చారు. పాత గుంజకే నన్ను వేలాడదీసి, మోత వీధిలోకి వినపడుతుందో లేదో చూద్దామని బజారప్ప చేతికి సుత్తి ఇచ్చాడు.

బజారప్ప మెల్లగా తట్టాడు. "రోజూ ఇట్లనే కొట్టేవాడివా?" అన్నాడు తహసీల్దారు. అప్పుడు పూర్తి బలంతో బాదాడు. నేను దాచుకోకుండా మోగాను. కింద వీధి మొత్తం కదిలింది. ప్రతి గుడిసె ముందూ ఆడవాళ్లు వంగి మూతలు పెడుతున్నారు, పిల్లల్ని ఎత్తుకుని పరిగెడుతున్నారు. పైనుంచి తహసీల్దారు నోరు తెరిచి చూశాడు. ఆయన మనుషులు పోయి వాళ్లను పిలుచుకొచ్చారు.

"మద్దిలేటి పోయిన పొద్దు కూడంతా మన్నే సార్" అంది ఒకామె. "నాకొక్కదానికే ఇనపడలేదనుకుంటి."

"నువ్వు గూడానా? నేనూ అట్లనే అనుకుంటి!"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బజారప్ప సుత్తి కింద పడేశాడు. "లారీ తొందర పెడ్తాండె. అందరూ పైకొచ్చినారనుకుంటి" అన్నాడు. ఆ తర్వాత మాట ఎవరికీ వినపడలేదు. నాగేంద్రమ్మ వాడి మీద పడి, జుట్టు పట్టుకుని, ముఖం బండకేసి కొట్టింది. మిగతావాళ్లూ పడ్డారు. రాళ్లు లేచాయి, ఒకటి పళ్లు రాలగొట్టింది. జీపులోవాళ్లు వాణ్ణి ఈడ్చుకుపోయి ఉండకపోతే ఆ గుంతకు రెండో శవం దక్కేది. వాడు కంటికి కనబడకుండా పోయాక, నాగేంద్రమ్మ అవే చేతులతో తన ముఖం వాయించుకోసాగింది. "సచ్చినోణ్ణి ఎంతెంత తిడ్తిని, పిల్లను ఎంత కొడ్తిని" అంటూ, పెదవి పగిలేదాకా.

ఆ గోలలో సుంకులమ్మ ఎవరికీ అడ్డం రాకుండా ఒక బండ మీద కూర్చుని, బడి సంచిలోంచి పుస్తకం తీసింది. పెన్సిలు గట్టిగా అదిమి రాసింది. అది చూసి శశిరేఖ నాగేంద్రమ్మ చేతులు పట్టుకుని ఆపింది. నాగేంద్రమ్మ ఆ రొప్పుతోనే కూతురి పక్కన చతికిలబడింది.

"ఏం రాస్తివే?"

పిల్ల తల్లి చేతుల వైపు ఒకసారి చూసి, కొంచెం జరిగి, చదివింది. "మా నాయనకు చెవులు బాగా ఇనపడ్తాండె. గుంత పైన నిలబడి నేను మెల్లగా పిలిచినా పలుకుతాండె."

నాగేంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంగోసారి చదువు" అంది.

సుంకులమ్మ మళ్లీ చదివింది, ఈసారి గట్టిగా.